మధ్యాహ్న భోజనం వండేవాళ్లకు లీడర్‌షిప్ ట్రైనింగ్‌లో ఏం చెప్పాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది: మండలంలోని ప్రభుత్వ బడుల్లో మధ్యాహ్న భోజనం వండే ఏజెన్సీ వాళ్లకు, అంటే ఆ వంటపని అప్పగించిన మహిళా గ్రూపుల వాళ్లకు, మూడు రోజుల లీడర్‌షిప్ ట్రైనింగ్ పెట్టమని మీ సంస్థ చెప్పింది. మీ చేతిలో ఉన్నవేమో కంపెనీ మేనేజర్ల కోసం తయారుచేసిన స్లైడ్లు, వచ్చేవాళ్లలో ఎక్కువమంది పెద్దగా చదువుకోని ఆడవాళ్లు, ఎక్కడ మొదలుపెట్టాలో తోచడం లేదు. నేను ప్రధానోపాధ్యాయురాలిగా చాలా ఏళ్లు బడి వంట దగ్గరుండి చూసుకున్నాను, రిటైరయ్యాక వంటవాళ్ల శిక్షణలకు రిసోర్స్ పర్సన్‌గా వెళ్తున్నాను. అందుకే కాస్త పొడుగ్గానే రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి.

ముందుగా ఆ స్లైడ్లు పక్కన పెట్టేయండి. విజన్, మిషన్, టీమ్ బిల్డింగ్ లాంటి మాటలు ఆ గదిలో ఎవరికీ పనికిరావు. మీ ముందు కూర్చునేవాళ్లలో చాలామంది డ్వాక్రా గ్రూపుల్లో లక్షల అప్పు తీసుకుని పదిమంది చేత నెలనెలా వాయిదా కట్టించినవాళ్లు, ముసురు పట్టిన రోజున తడికట్టెలతో తంటాలు పడి కూడా బెల్లు కొట్టే వేళకు అన్నం దించినవాళ్లు. నలుగురిని కూడగట్టి పని నడిపించడం వాళ్లకు కొత్తగా నేర్పాల్సిన పని లేదు. వాళ్లకు లేనిదల్లా బడి గేటు లోపల తమ మాటకు చెల్లుబాటు. బియ్యం ముక్కిపోయిందని వండే మనిషికి తెలుస్తుంది, నూనె వాసన తేడాగా ఉందని తెలుస్తుంది, గుడ్డు పాతదని చేత్తో పట్టుకోగానే తెలుస్తుంది. తెలిసినా "ఇది వండను సార్" అని నోరు తెరవరు, ఎందుకంటే ఆ మాట అన్నాక వచ్చే నెల ఏజెన్సీ వేరేవాళ్లకు పోతుందేమోనని భయం. మీ మూడు రోజులూ ఈ భయం మీదే పనిచేయాలని నా గట్టి అభిప్రాయం. మిగతావన్నీ దీని చుట్టూ వస్తాయి.

2013 జూలై 16న బిహార్‌లోని సారణ్ జిల్లా గండామన్ గ్రామంలో బడి భోజనం తిని 23 మంది పిల్లలు చనిపోయారు. వంటనూనెలో మోనోక్రోటోఫాస్ అనే పురుగుమందు కలిసింది. మన పత్తి రైతులకు ఆ మందు పేరు చెప్పనక్కర్లేదు. నూనె రంగు, వాసన తేడాగా ఉన్నాయని వండిన ఆవిడ చెప్పిందనీ, అయినా దాంతోనే కానిచ్చేయమని ప్రధానోపాధ్యాయురాలు అన్నదనీ అప్పట్లో పత్రికల్లో వచ్చింది. ఆ ప్రధానోపాధ్యాయురాలికి 2016లో కోర్టు జైలు శిక్ష వేసింది. నేను ప్రతి శిక్షణలోనూ ఈ సంగతి చెప్పి, "ఆవిడకు తెలుసు, ఆవిడ చెప్పింది కూడా, మరి ఆ మాట ఎందుకు నిలబడలేదు?" అని అడిగి ఊరుకుంటాను. కాసేపు ఎవరూ మాట్లాడరు. తర్వాత ఒక్కొక్కరే మొదలుపెడతారు, తమ బడిలో ఏం జరిగిందో, ఎప్పుడు నోరు మూసుకోవాల్సి వచ్చిందో. ఆ మాటల్లోనే మీకు సిలబస్ అంతా దొరుకుతుంది. వాళ్లు చెప్పినవన్నీ ఒక చార్టు మీద రాయించండి, పేర్లు మాత్రం రాయించకండి.

ఇంకో విషయం, ఇది మీ సంస్థ వాళ్లతో గట్టిగా మాట్లాడి ఒప్పించుకోవాల్సింది. హెచ్‌ఎంలు (ప్రధానోపాధ్యాయులు) లేకుండా ఈ శిక్షణ పెట్టకండి. మూడు రోజులూ రమ్మంటే రారు, కనీసం ఒక రోజు హెచ్‌ఎం, వంటమనిషి పక్కపక్కన కూర్చోవాలి. మండల విద్యాధికారి (ఎంఈఓ) గారి చేత ఆ మేరకు లెటరు ఇప్పించుకోండి. వంటవాళ్లకు ఒక్కళ్లకే ధైర్యం నూరిపోసి పంపితే రేపు బడిలో గొడవ అవుతుంది, ఆ గొడవలో ఓడిపోయేది వాళ్లే. నేను చూసినంతలో హెచ్‌ఎంలు చాలావరకు చెడ్డవాళ్లేం కాదు. పాఠాలు, అడ్మిషన్లు, యాప్‌లు, ఆన్‌లైన్ హాజరు, వీటన్నిటి మధ్య వంట అనేది ఎలాగోలా గడిచిపోతే చాలనుకునే స్థితిలో ఉంటారు. "మీ వంటమనిషి ఒక బస్తా పక్కన పెట్టిందంటే మీ ఉద్యోగం కాపాడినట్టు" అని వాళ్లకు ఎదురుగా చెప్పండి, వెంటనే అర్థమవుతుంది.

ఇక్కడ మీకు ఆసరాగా ఒక నిబంధన ఉంది. వడ్డించే ముందు ఒక టీచరు, కుదిరితే స్కూల్ కమిటీలోని ఒక తల్లి కూడా, భోజనం రుచి చూడాలని పథకం మార్గదర్శకాల్లోనే ఉంది. చాలాచోట్ల ఇది రిజిస్టర్లో సంతకంగా మిగిలిపోయింది, అది కూడా వారం చివర ఒకేసారి పెట్టే సంతకం. మీరు చేయాల్సిందేమిటంటే, ఈ పనిని వంటమనిషి చేతికి ఇవ్వడం. టీచరు గుర్తొచ్చినప్పుడు వచ్చి రుచి చూడటానికి బదులు, ప్రతిరోజూ వంట దించగానే ఆవిడే ఒక ప్లేటులో అన్నం, కూర, గుడ్డు పెట్టి స్టాఫ్ రూముకు తీసుకెళ్లి "మేడం, రుచి చూసి సంతకం పెట్టండి, తర్వాతే వడ్డిస్తాం" అనాలి. వినడానికి చిన్న సంగతే. పదేళ్లుగా స్టాఫ్ రూము గడప తొక్కని మనిషికి ఇది పెద్ద అడుగు. జపాన్‌లో పిల్లలకు వడ్డించేముందు హెడ్మాస్టరే తినిచూస్తాడు, అక్కడ అది పక్కా పద్ధతి. మన దగ్గర ఆ రూలు ఉంది, అడిగేవాళ్లు లేరు. అడగడం ఎలాగో ట్రైనింగ్‌లో నేర్పండి.

అడగడం, ఆపడం అనేవి నోటితో చేసే పనులు కాబట్టి నోటితోనే ప్రాక్టీసు చేయించాలి. నేను ఇద్దరిద్దరిని నిలబెట్టి, ఒకరు హెచ్‌ఎంగా, ఒకరు వంటమనిషిగా మాట్లాడిస్తాను, తర్వాత పాత్రలు మార్పిస్తాను. మొదట్లో సిగ్గుపడతారు, నవ్వేస్తారు, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంటారు. మూడోసారికి గొంతు వస్తుంది. వాళ్లకు చెప్పేది ఇంతే: ఏం చూశావో ముందు చెప్పు, నువ్వేం చేస్తున్నావో తర్వాత చెప్పు, పైవాళ్లు ఏం చేయాలో చివర్లో చెప్పు. "సార్, ఈ నూనె డబ్బా మూత ముందే తీసి ఉంది, లేబుల్ కూడా లేదు. దీన్ని వాడటం లేదు, పక్కన పెట్టాను. మీరు ఫోటో తీసి రిజిస్టర్లో రాసి, ఈ పూటకు కొట్టు నుంచి ప్యాకెట్లు తెప్పించండి." ఇందులో తిట్టు లేదు, బతిమాలడం లేదు, ఎవరి మీదా నింద లేదు. హెచ్‌ఎం పాత్ర వేసినవాళ్లను "ఈ ఒక్కరోజుకీ సర్దుకోమ్మా" అని ఒత్తిడి పెట్టమని చెప్పండి, ఎందుకంటే నిజంగా ఎదురయ్యే మాట అదే. దానికి "సర్దుకునేదైతే నేనే సర్దుకునేదాన్ని సార్" అని ఒకసారి ఒకావిడ జవాబిచ్చింది. అప్పటినుంచి నేను ఆ మాటనే అందరికీ నేర్పుతున్నాను.

అయితే ఆపే అధికారం ఇచ్చేముందు ఏది ఆపాలో తేడా తెలియాలి, లేకపోతే ప్రతి చిన్నదానికీ వంట ఆగిపోయి పిల్లలు పస్తుంటారు, అప్పుడు ఊరంతా వంటవాళ్ల మీద పడుతుంది. బియ్యంలో నాలుగు పురుగులు కనిపిస్తే చేటలో చెరిగి, జల్లించి, ఎండలో ఆరబోస్తే సరిపోతుంది, అది ఆపాల్సిన సంగతి కాదు. బస్తా తడిసి గడ్డకట్టి బూజు వాసన వస్తే మాత్రం కడిగినా ఉడికించినా లాభం లేదు, బూజు విషం వేడికి పోదు, ఆ బస్తా వెనక్కి వెళ్లాల్సిందే. గుడ్లు నీళ్లలో వేసి చూడమనండి. అడుగున పడుకుంటే తాజావి, నిలబడితే పాతవి, పైకి తేలితే పారేయాలి. ఉడకబెట్టే ముందు పగిలి ఉన్న గుడ్డు వాడకూడదు. పాలిష్ పెట్టి రంగు వేసినట్టున్న పప్పు కడిగితే నీళ్లు పచ్చగా దిగుతాయి, అది హెచ్‌ఎంకి చూపించాలి. పురుగుమందు డబ్బాలో, ఎరువు సంచిలో ఏ సరుకు వచ్చినా, లోపల ఏమున్నా సరే, ముట్టుకోకూడదు. ఇవన్నీ మాటలతో చెప్పకండి. తడిసిన బియ్యం, పాత గుడ్లు, లేబుల్ లేని డబ్బా నిజంగా తెచ్చి బల్ల మీద పెట్టి, ఒక్కొక్కటి చేతికిచ్చి వాసన చూపించి, "వండుతావా, ఆపుతావా, బాగుచేసి వండుతావా" అని అడగండి. మధ్యాహ్నం దాకా ఇదే నడిచినా పర్వాలేదు. నా అనుభవంలో మూడు రోజుల్లో అందరికీ బాగా గుర్తుండిపోయేది ఈ పూటే.

అన్నం గురించి విడిగా చెప్పాలి. వండిన పదార్థాన్ని 60 డిగ్రీల సెల్సియస్ పైన వేడిగా ఉంచాలి, లేదా 5 డిగ్రీల లోపు చల్లగా ఉంచాలి, ఈ రెంటి మధ్యలో సూక్ష్మజీవులు పెరుగుతాయి. బడిలో ఫ్రిజ్ ఉండదు కాబట్టి మనకు ఉన్న దారి వంటను వడ్డించే వేళకు సరిపోయేలా దించడమే. పొద్దున్న తొమ్మిదింటికే అన్నం వార్చేసి పొలానికి వెళ్లి ఒంటిగంటకు వచ్చి వడ్డించే పద్ధతి కొన్నిచోట్ల ఉంది. అన్నంలో పెరిగే ఒక రకం బ్యాక్టీరియా వదిలే విషం మళ్లీ వేడిచేసినా పోదు. రాత్రి మిగిలిన అన్నం పొద్దున తాలింపు పెట్టి పెడితే వాంతులు ఎందుకవుతాయో ఇలా వివరిస్తే వాళ్లకు ఇంటి వంటకూ పనికొస్తుంది. ఏది ముందు దించాలి, ఏది చివర దించాలి అనే వరసను వాళ్ల చేతే వేయించండి.

ఇక లీడర్ ఎవరు అనే ప్రశ్న. మీరు "లీడర్ల శిక్షణ" అని పిలిస్తే ఎవరొస్తారో ముందే చెప్తాను. చాలాచోట్ల ఏజెన్సీ ఒకరి పేరు మీద ఉంటుంది, బ్యాంకు ఖాతా ఆ పేరు మీదే ఉంటుంది, పొయ్యి దగ్గర నిలబడేది ఇంకొకరు. మన దగ్గర 2001 నవంబరు 28 నాటి సుప్రీంకోర్టు ఉత్తర్వు తర్వాత 2003 జనవరిలో వండిన భోజనం మొదలైనప్పుడు పనిని మహిళా గ్రూపులకు అప్పగించారు, అప్పటినుంచి ఈ అమరిక ఇలాగే సాగుతోంది. శిక్షణకు పేరున్న మనిషి వచ్చి, వండే మనిషి రాకపోతే మీ మూడు రోజులూ వృథా. అందుకని పిలుపులోనే "పొయ్యి దగ్గర నిలబడేవాళ్లు రావాలి" అని స్పష్టంగా రాయించండి. బడికి ఇద్దరిని పిలవండి, ఒక్కరిని పిలిస్తే నేర్చుకున్నది వెనక్కి వెళ్లాక ఒంటరిగా చెప్పలేరు.

నిబంధన ప్రకారం 25 మంది పిల్లల వరకు ఒకరు, 100 వరకు ఇద్దరు, ఆ పైన ప్రతి వందకు ఇంకొకరు వండాలి. నాలుగు వందల మంది ఉన్న హైస్కూల్లో ఐదుగురు పనిచేస్తారన్నమాట, ఐదుగురిలో ఆరోజు ఆఖరి మాట ఎవరిదో తేలకపోతే ఉప్పు రెండుసార్లు పడుతుంది, గ్యాస్ కట్టేశామని ఎవరికి వాళ్లే అనుకుంటారు. తమిళనాడులో 1982లో ఎం.జి.ఆర్. ప్రభుత్వం పెద్ద పథకం మొదలుపెట్టినప్పుడు ప్రతి కేంద్రానికీ ఆర్గనైజర్, వంటమనిషి, సహాయకురాలు అని మూడు పోస్టులు పెట్టారు. సరుకు లెక్క, రిజిస్టరు, వంటింటి బాధ్యత ఆర్గనైజర్‌వే. అమెరికాలో 2015 జూలై నుంచి బడి వంటవాళ్లందరికీ ఏటా శిక్షణ గంటలు తప్పనిసరి చేశారు, ఇప్పుడు లెక్క ఇది: బడి భోజనాల డైరెక్టరుకు 12, కిచెన్ మేనేజరుకు 10, మామూలు సిబ్బందికి 6, వారానికి 20 గంటల లోపు పనిచేసేవాళ్లకు 4. వండటంతోపాటు సిబ్బందిని నడపడం, పిల్లలతో, తల్లిదండ్రులతో మాట్లాడటం కూడా అక్కడ శిక్షణ కిందే లెక్క. మన దగ్గర మేనేజరు అనే పోస్టే లేదు. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో వంటవాళ్ల నెల గౌరవ వేతనం వెయ్యి నుంచి రూ.3,000 అయింది, తెలంగాణలోనూ తర్వాత అంతే చేశారు. ఇలాంటి చోట "లీడర్" అని బ్యాడ్జి పెట్టి ఒకరి నెత్తిన మొత్తం బరువు వేయడం అన్యాయం. నేను చెప్పే పద్ధతి వారం వారం మారే బాధ్యత: ఈ వారం నీది కొలత, నీది గ్యాస్, నీది నీళ్లు, చేతుల శుభ్రం, నీది వడ్డన. కొలత చూసేవాళ్లకే ఆ వారం ఆఖరి మాట. వరస ఒకసారి తిరిగేసరికి అందరూ ఆ స్థానంలో నిలబడతారు, ఒకరు సెలవు పెట్టినా వంట ఆగదు. ప్రమోషన్ వస్తుందనో జీతం పెరుగుతుందనో మీరు మాత్రం ఎక్కడా ఆశ పెట్టకండి, అది మీ చేతిలో లేదు. అడిగితే ఆ మాటే చెప్పండి, అలా చెప్పినవాళ్లనే నమ్ముతారు.

కొలత అన్నాను కదా, దీనికి ఒక పూట పూర్తిగా ఇవ్వండి. ప్రైమరీ పిల్లకు రోజుకు బియ్యం 100 గ్రాములు, పప్పు 20, కూరగాయలు 50, నూనె 5 గ్రాములు. ఆరు నుంచి ఎనిమిది తరగతులకు 150, 30, 75, ఏడున్నర. చాలామంది వంటవాళ్లకు ఈ లెక్క ఎవరూ ఎప్పుడూ చెప్పలేదు. "ఇన్ని బియ్యం తీసుకోమ్మా" అని చెప్పేది ఒకరు, కొలిచేది ఒకరు. ఒక ఉదాహరణ ఇచ్చి వాళ్ల చేతే లెక్క కట్టించండి: ఈ రోజు ప్రైమరీ 120 మంది, పెద్ద తరగతులు 60 మంది వచ్చారు. బియ్యం 12 కిలోలు, 9 కిలోలు, మొత్తం 21. పప్పు 2.4, 1.8 కలిపి 4.2 కిలోలు. కూరగాయలు పదిన్నర కిలోలు. నూనె కిలో పైన 50 గ్రాములు. కాగితం మీద రాని లెక్క వాళ్లకు నోటి మీద ఎంత వేగంగా వస్తుందో చూస్తారు. ఆ తర్వాత ఎవరి బడిలో వాడే చెంబో, మగ్గో, డబ్బానో వాళ్లు వెంట తెచ్చుకునేలా ముందే చెప్పండి, శిక్షణలోనే తూకం వేసి, ఒక డబ్బాకు ఎన్ని కిలోల బియ్యమో, ఎన్ని గ్రాముల పప్పో దాని మీదే పెయింటుతో గీత పెట్టించండి. ఆ డబ్బా ఇంటికి తీసుకెళ్తారు. హాజరు ఎంతో చెప్తే చాలు, ఎన్ని డబ్బాలో ఆవిడే చెప్తుంది, ఎవర్నీ అడగాల్సిన పని ఉండదు. పప్పు ఎందుకు నీళ్లలా ఉందని ఒక తల్లి నిలదీస్తే "మాకు ఇచ్చిన పప్పు ఇంత, రావాల్సింది ఇంత" అని లెక్క చూపించగలిగిన మనిషిని ఎవరూ తక్కువ చేసి మాట్లాడలేరు.

తల్లులతో మాట్లాడటం కూడా ఈ శిక్షణలో పెట్టండి. ఫోర్టిఫైడ్ బియ్యం వచ్చే బడుల్లో ఎక్కువగా రేగే గొడవ ఆ బియ్యం గురించే. వంద కిలోల బియ్యంలో కిలో చొప్పున పోషకాలు కలిపిన గింజలు వస్తాయి. బియ్యప్పిండిలో ఐరన్, ఫోలిక్ ఆమ్లం, బి12 కలిపి గింజ ఆకారంలో తయారుచేస్తారు. అవి కడిగేటప్పుడు కొన్ని తేలతాయి, రంగు కాస్త తేడాగా ఉంటుంది, దాంతో ప్లాస్టిక్ బియ్యం పెడుతున్నారని ఊళ్లో వీడియోలు తిరుగుతాయి. వంటవాళ్లే భయపడి వాటిని ఏరి పారేసిన బడులు నేను చూశాను, పిల్లల కోసం కలిపిన ఐరన్ అంతా కాలువలోకి పోయింది. ముందు వంటవాళ్లకు నమ్మకం కుదరాలి. ఒక గిన్నెలో ఆ గింజలు విడిగా ఏరి ఉడికించి చూపించండి, మామూలు అన్నంలాగే మెత్తబడతాయి. తర్వాత అదే ప్రదర్శన తమ ఊళ్లో తల్లుల ముందు ఎలా చేయాలో ఒక్కొక్కరి చేత చేయించండి. గంజి వార్చి పారబోయకుండా నీళ్లు సరిపెట్టి వండటం కూడా ఇదే సందర్భంలో చెప్పొచ్చు.

కులం గురించి మాట్లాడకుండా ఈ శిక్షణ పూర్తి కాదు. చాలామంది ట్రైనర్లు దీన్ని దాటేసి వెళ్లిపోతారు, దయచేసి మీరు అలా చేయకండి. ఎస్సీ మహిళ వండితే మా పిల్లలు తినరని పిల్లల చేతికి బాక్సు ఇచ్చి పంపే ఇళ్లు ఇంకా ఉన్నాయి. ఏజెన్సీలోనే ఒకరిని పాత్రలు తోమడానికి, ఊడ్వడానికి మాత్రమే ఉంచి గరిటె ముట్టుకోనివ్వని చోట్లు ఉన్నాయి. ఈ పనిలో ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ మహిళలకు ప్రాధాన్యం ఇవ్వాలని మార్గదర్శకాలు చెప్తున్నాయి. వారం వారం బాధ్యతలు మారాలని నేను పైన పట్టుబట్టడానికి అసలు కారణం కూడా ఇదే, వరస వచ్చినప్పుడు ప్రతి మనిషి చేతికీ గరిటె వస్తుంది. వివక్ష ఎదురైనప్పుడు ఒంటరిగా ఎదుర్కోమని వంటమనిషికి చెప్పడం తప్పు. ఆ పని హెచ్‌ఎంది. హెచ్‌ఎం, టీచర్లు అందరూ ఆవిడ వండిన అన్నాన్ని పిల్లల మధ్య కూర్చుని రోజూ తినాలి, ఏదో ఒక రోజు ఫోటో కోసం తింటే ఎవరూ నమ్మరు. హెచ్‌ఎంలు వచ్చిన రోజున ఈ హామీ వాళ్ల నోటితో అందరి ముందూ చెప్పించండి. గదిలో ఇబ్బంది పుడుతుంది, పుట్టనివ్వండి.

ప్రమాదాల సంగతి క్లుప్తంగా చెప్తాను, ఎందుకంటే ఇందులో వాదించడానికి ఏమీ లేదు. వేడి సాంబారు, పప్పు ఉన్న డేక్సాల్లో చిన్నపిల్లలు పడిపోయిన ఘటనలు జరిగాయి. వేడి గిన్నె నేల మీద పెట్టకూడదు, మూత లేకుండా కదపకూడదు, ఇద్దరు పట్టుకునే మోయాలి, వంటషెడ్డులోకి పిల్లల్ని సాయానికి పిలవకూడదు. పీఈటీ సారు లైను పెట్టించే దాకా వడ్డన మొదలుపెట్టకూడదు, ఇది కూడా "ఆపే అధికారం" కిందికే వస్తుంది. నైలాన్ చీర కట్టుకుని పొయ్యి దగ్గర నిలబడొద్దని చెప్పండి, వీలైతే నూలు ఏప్రన్లు మీ సంస్థ తరఫున ఇవ్వండి, సర్టిఫికెట్లకు పెట్టే ఖర్చు వాటికి పెట్టినా మంచిదే. వాంతులు, విరేచనాలు అవుతున్నవాళ్లు, చేతికి చీము పట్టిన పుండు ఉన్నవాళ్లు ఆరోజు వండకూడదు. ఆరోజుకు గౌరవ వేతనంలో కోత ఉండదని హెచ్‌ఎం మాటిస్తేనే ఇది ఆచరణలోకి వస్తుంది, లేకపోతే జ్వరం దాచుకుని వస్తారు. ఆరు నెలలకోసారి చేయాల్సిన వైద్య పరీక్ష ఎక్కడ జరగడం లేదో ఆరోజే తెలుసుకుని పీహెచ్‌సీ వాళ్లతో మాట్లాడండి.

డబ్బు విషయం వాళ్లే ఎత్తుతారు. బిల్లులు నెలల తరబడి ఆగితే కొట్టులో అప్పు పెడతారు, మెడలోది తాకట్టు పెట్టినవాళ్లు కూడా ఉన్నారు, అప్పుడు కూరలో కూరగాయలు తగ్గడం మొదలవుతుంది. 2025 మే నుంచి కేంద్రం నిర్ణయించిన వంట ఖర్చు ప్రైమరీ పిల్లకు రోజుకు రూ.6.78, అప్పర్ ప్రైమరీకి రూ.10.17. రాష్ట్రం దీనిపైన అదనంగా కలిపేది ఉంటే అది వేరు. ఆలస్యాన్ని మీరు తీర్చలేరు గానీ, ఏ తేదీ వరకు ఎంతమంది తిన్నారు, ఎంత రావాలి, ఎంత వచ్చింది అని ఒక చిన్న నోటుపుస్తకంలో తమకంటూ లెక్క రాసుకోవడం నేర్పండి. బడి యాప్‌లో ఎక్కిన సంఖ్యకు, నిజంగా తిన్న సంఖ్యకు తేడా వస్తే ఆరోజే అడగాలి, మూడు నెలల తర్వాత అడిగితే ఎవరికీ గుర్తుండదు. చదువురాని వాళ్లయితే ఇంట్లో టెన్త్ చదివే కూతురో కోడలో రాస్తుంది. బిల్లు అడగడానికి ఒక్కరే వెళ్లకుండా మండలంలోని ఏజెన్సీల వాళ్లు పదిమంది కలిసి ఒకే కాగితం మీద లెక్క రాసుకుని ఎంఈఓ ఆఫీసుకు వెళ్లడం ఎలాగో మాట్లాడుకోనివ్వండి. దాన్ని ఆపకండి.

శిక్షణ ఎప్పుడు, ఎక్కడ పెట్టాలనేది సిలబస్ అంత ముఖ్యం. బడి నడిచే రోజుల్లో పెడితే ఆరోజు పిల్లలకు ఎవరు వండుతారు? జూన్‌లో బడులు తెరిచే ముందు వారం మంచిది, కాకపోతే ఎండాకాలం ఉపాధి పనులకు వెళ్లేవాళ్లు ఉంటారు, వాళ్లకు పోయిన రోజుకూలి, రానుపోను ఛార్జీలు చేతికి ఇవ్వాలి, తర్వాత ఖాతాలో వేస్తామంటే రెండో రోజు సగం మంది రారు. మండల ఆఫీసు మీటింగ్ హాలు వద్దు, ఏదైనా హైస్కూలు వంటషెడ్డు దగ్గర పెట్టండి, గిన్నెలు, పొయ్యి, కొళాయి కంటి ముందు ఉండాలి. ఇంకొక మాట, ఇది మాత్రం బతిమాలి చెప్తున్నాను: ఆ మూడు రోజులూ వాళ్ల చేత భోజనం వండించకండి. "ఎలాగూ వంటవాళ్లే కదా" అని చాలా శిక్షణల్లో అదే చేస్తారు. వేరేవాళ్లు వండాలి, వాళ్లు కూర్చోవాలి, హెచ్‌ఎంలు వచ్చిన రోజున హెచ్‌ఎంలే వడ్డించాలి.

వంటల పోటీ పెట్టమని మీవాళ్లు అడగొచ్చు, పథకంలో కూడా పోటీలను ప్రోత్సహిస్తారు. పెట్టండి, కాని స్పెషల్ ఐటం పోటీ వద్దు. రోజువారీ ఇచ్చే సరుకుతోనే, అదే తూకంతో, ఆకుకూర పప్పో సాంబారో పెట్టి, పిల్లల్నే జడ్జీలుగా కూర్చోబెట్టండి. మన పిల్లలు సొరకాయ ముక్కలు పక్కకు తీసేస్తారు, అదే సొరకాయ తురిమి పప్పులో వేస్తే తినేస్తారు. అలాంటి కిటుకులు ఒక్కో వంటమనిషి దగ్గర ఒక్కోటి ఉంటాయి, ఆ పూట బయటికొస్తాయి, పక్క ఊరివాళ్లు నేర్చుకుని వెళ్తారు. అక్షయపాత్ర లాంటి సంస్థల పెద్ద వంటశాలల నుంచి భోజనం వచ్చే బడులు మీ మండలంలో ఉంటే అక్కడి వాళ్లకు ఈ శిక్షణ వేరుగా ఉండాలి. వాళ్లు వండరు, అందుకుని వడ్డిస్తారు. క్యాన్ ఎన్నింటికి వచ్చింది, మూత సీలు ఎలా ఉంది, వేడి ఉందా లేదా చూసి "తీసుకోం" అని చెప్పడమే వాళ్ల పని.

నెల తర్వాత బడులకు వెళ్లండి, ముందుగా చెప్పకుండా పదకొండింటికి వెళ్లండి. మూడు విషయాలు చూస్తే చాలు. గీత పెట్టిన డబ్బా వాడుతున్నారా, రుచి చూసిన సంతకం ఆరోజుదేనా, ఈ నెలలో ఏదైనా ఆపారా. మూడో ప్రశ్నకు "ఒకసారి గుడ్లు వెనక్కి పంపాం, సార్ కూడా ఒప్పుకున్నారు" లాంటి జవాబు మండలంలో కొన్ని బడుల నుంచైనా వస్తే శిక్షణ పనిచేసినట్టే. ఎవరూ ఏమీ ఆపలేదంటే సరుకు అంతా బాగుందని అనుకోకండి, ఆ బడుల హెచ్‌ఎంలతో మళ్లీ ఒక పూట కూర్చోండి. మీ మండలంలో బడులు ఎన్ని, ఏజెన్సీలు ఎన్ని, సెంట్రల్ కిచెన్ నుంచి ఎన్నింటికి వస్తుందో కింద రాస్తే మూడు రోజులకు గంటల వారీగా ప్లాన్ వేసి పెడతాను.